మచ్చల నారు

నారత్తకి మచ్చ అంటే పడదు. గోడ మీద మచ్చ, గ్లాసు మీద మచ్చ, మొగుడి చొక్కా మీద మచ్చ, ఏది కనిపించినా ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఇక టమాటా ఆకు మీద మచ్చ అంటే చెప్పేదేముంది. తెల్లారి ఆరింటికల్లా గాజు షెడ్డులోకి వెళ్ళి, నారు ట్రేల ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కో మొలక ఆకునీ వేలితో ఎత్తి చూస్తుంది. సూదితల అంత గోధుమరంగు చుక్క కనిపించిందా, ఆ మొలక ఆయువు తీరినట్టే. "నా షెడ్డులో రోగిష్టి మొహాలు ఉండకూడదు" అని దానితో చెప్పి మరీ, వేళ్ళతో సహా పీకి బకెట్టులో పడేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. చుట్టుపక్కల టమాటా వేసే రైతులంతా నారు ఆవిడ దగ్గరే తీసుకుంటారు కాబట్టి నారత్త అయింది. రకం కూడా ఆవిడ సొంతమే, ఏ కంపెనీదీ కాదు. కొడుకు పుట్టిన ఏడాది ఎవరో ఇచ్చిన రకరకాల గింజలు గుప్పెడు చల్లి, నచ్చిన పండులోంచి గింజ తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ ఏరి, అలా ఏటేటా పెంచుకొచ్చింది. పండు పైన తోలు పల్చగా ఉంటుంది. కొరికితే ముందు పులుపు, ఆ వెనకే నాలుక చివర్న నిలిచిపోయే తీపి. ఆ తీపి ఇంకే టమాటాలోనూ లేదని ఆవిడ అంటుంది. తిన్నవాళ్ళంతా ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళతో ఆవిడ మాట్లాడ్డం మానేసింది కాబట్టి, ఆ లెక్కన అందరూ ఒప్పుకున్నట్టే.

అలాంటి టమాటాకి మూడేళ్ళుగా పీడ పట్టుకుంది. నారులో ఏమీ కనిపించదు, నవనవలాడుతూ ఉంటుంది. నడుమెత్తు పెరిగి పూత మీదకి వచ్చేసరికి ఆకుల పైన పసుపు మరకలు. తిప్పి చూస్తే అడుగున మఖమలు గుడ్డ పరిచినట్టు ముదురు రంగు బూజు. వారం తిరక్కుండా ఆకులన్నీ ముడుచుకుపోతాయి. రెండేళ్ళు రైతులు నష్టపోయారు. మర్యాదస్తులు కాబట్టి ఒక్క మాట అనలేదు. "ఈసారి కూడా చూద్దాం అత్తా" అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి ఆవిడకి తిండి సయించలేదు.

ఈ ఏడు మంగళవారం పొద్దున, గింజ కోసం అట్టేపెట్టిన తల్లి మొక్కల ఆకు తిప్పి చూస్తే అదే బూజు. నారత్త షెడ్డు తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, ఇంట్లోకొచ్చి మాట్లాడకుండా కూర్చుంది. ఆవిడ మాట్లాడకుండా ఉంటే ఆ ఇంట్లో మిగతావాళ్ళకి ఊపిరాడదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. "సోమవారం రైతులు నారు కోసం వస్తారు. ఈలోగా కంపెనీ నారు తెప్పిస్తా. మనది మొత్తం పీకేసి తగలబెట్టేస్తా. గింజల డబ్బాలు కూడా."

ఆవిడ మొగుడు, నీళ్ళ పంపులు బాగుచేస్తూ అందరిచేతా మెకానిక్కు అని పిలిపించుకునే మనిషి, ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "గింజలు కూడానా?" అన్నాడు.

"ఉంచి ఏం చేసుకోను? మెళ్ళో వేసుకు తిరగనా?"

గొంతు గట్టిగానే ఉంది గానీ కళ్ళు వేరే సంగతి చెబుతున్నాయి. కొడుకుని పెంచిన ఇరవై ఆరేళ్ళూ ఆ టమాటానీ పెంచింది. కొడుకైనా గూడ్సు రైలు నడుపుతూ వారానికి రెండ్రోజులే ఇంట్లో ఉంటాడు. టమాటా ఒక్కరోజు కూడా ఆవిణ్ణి వదిలి ఉండలేదు.

"అత్తయ్యా, సోమవారం దాకా ఆగుతారుగా?" అంది కోడలు. ఈ పిల్ల ఊరి చివర మొక్కల రోగాల ప్రయోగశాలలో పని చేస్తుంది. అక్కడ మూడేళ్ళుగా చేసేది ఈ బూజు మీదే. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే అత్తగారు "ఆఫీసు గోల ఆఫీసులోనే పెట్టు" అనేది కాబట్టి ఎప్పుడూ పూర్తిగా చెప్పే వీలు దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

"బూజు ఆకుని కొరుక్కు తింటోందని కదా మీరనుకుంటున్నారు?"

"మరి ముద్దెట్టుకుంటోందా?"

"ఇంచుమించు అంతే. ఆకు అడుగున గాలి కోసం సన్న రంధ్రాలుంటాయి. వాటిల్లోంచి లోపలికి పోయి, కణాల మధ్య సందుల్లో పాక్కుంటూ తిరుగుతుంది. ఒక్క గోడ పగలగొట్టదు. మొక్క కూడా చేతగానిదేం కాదు. బూజు ఒంటి పొరని కరిగించే మందు వదులుతుంది. పొర ముక్కలు రాలాయంటే దొంగ వచ్చాడని పసిగట్టి ఆకంతా కాపలా పెట్టేస్తుంది."

"పెడితే మరి నా మొక్కలకి ఈ గతెందుకు పట్టింది?"

"బూజు చేతులూపుకుంటూ రాదు అత్తయ్యా. తనలోంచి కొన్ని ప్రోటీన్లు బయటికి వదులుతూ వస్తుంది. ఒక రకం దాని ఒంటికి అంటుకుపోయి మొక్క మందు తగలకుండా చూస్తుంది. ఇంకో రకం రాలిన ముక్కల్ని ఎప్పటికప్పుడు ఏరేస్తుంది, మొక్క కంట పడకుండా. ఇంకోటి మొక్క వదిలిన మందునే పట్టి కట్టేస్తుంది. పాపం మొక్కకి ఏమీ తెలీదు. పచ్చగా కళకళలాడుతూ నిలబడి ఉంటుంది, లోపల వాడు సంసారం పెట్టేస్తాడు."

"నంగనాచి వెధవ" అంది నారత్త. బూజు మీద ఆవిడకి మొదటిసారి వ్యక్తిగతంగా కోపం వచ్చింది. అంతవరకూ అదేదో గాలిరోగం అనుకుంది. ఇలా ఇంట్లో దూరి, నోరు నొక్కి, వంట కూడా చేసుకునే రకమని తెలీదు.

"కానీ కొన్ని మొక్కలు ఆ ప్రోటీన్లనే గుర్తుపడతాయి. దొంగ ఏ ముసుగైతే వేసుకొచ్చాడో ఆ ముసుగే పట్టిచ్చేస్తుంది. మీ రకంలో అలాంటి మొక్క ఒక్కటున్నా చాలు, దాన్నుంచి మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. మా పెద్ద మేడమ్‌ని అడిగి రేపు ఆ ప్రోటీన్ల నీళ్ళు తెస్తా. మీరు మొక్కలు ఏరి పెట్టండి. గుర్తుపట్టిందో లేదో రెండ్రోజుల్లో ఆకే చెబుతుంది."

బుధవారం కోడలు ఐస్ డబ్బాలో రెండు చిన్న సీసాలు తెచ్చింది. బూజు పట్టిన ఆకుల్ని నీళ్ళలో ముంచి, గాలి లాగేసి, గిర్రున తిప్పే యంత్రంలో పెడితే కణాల సందుల్లోంచి దిగిన నీళ్ళు ఒక దాంట్లో ఉన్నాయి. బూజు లేకుండా వడగట్టేశారు, ప్రోటీన్లే మిగిలాయి. రెండో దాంట్లో ఆరోగ్యంగా ఉన్న ఆకుల్లోంచి తీసిన నీళ్ళు, పోల్చి చూసుకోడానికి. సూది లేని సిరంజి మూతిని ఆకు అడుగున ఆనించి మెల్లగా నొక్కితే నీళ్ళు లోపలికి పాకి, అక్కడ ఆకు తడిసిన గుడ్డలా ముదురు రంగు తేలింది. నడిమి ఈనెకి ఎడమవైపు మంచి నీళ్ళు, కుడివైపు బూజు నీళ్ళు, చుట్టూ మార్కర్‌తో గుండ్రం. నలభై మొక్కలు. అన్నీ నారత్త స్వయంగా ఏరినవి. ఒక్క చుక్క, ఒక్క గీత, ఒక్క వంకర లేనివి.

"మెల్లగా పొడువు, నొప్పెడుతుంది" అంది.

"పొడవట్లేదు అత్తయ్యా, సూదే లేదు."

"అయినా మెల్లగా."

శుక్రవారం పొద్దున నారత్త కోడలికంటే ముందే షెడ్డులో ఉంది. ఆకు వెనక ఆకు తిప్పి చూసింది. నలభైకి నలభై గుండ్రాలూ పచ్చగా, నున్నగా ఉన్నాయి. ఆవిడ గుండె తేలికపడింది. "అమ్మాయ్! రా, చూడు, ఒక్కదానికీ ఏమీ కాలేదు!" అని ఇల్లంతా వినపడేలా కేకేసింది.

కోడలు వచ్చి, చూసి, చివరి వరస దాకా వెళ్ళి, మార్కర్ జేబులో పెట్టుకుంది. మొహం పాలిపోయింది. "ఒక్కటీ గుర్తుపట్టలేదు అత్తయ్యా."

"అదేంటి? పచ్చగా ఉన్నాయిగా?"

"పచ్చగా ఉండటమే తంటా. గుర్తుపట్టిన మొక్క ఊరుకోదు. దొంగ ఉన్న చోట తన కణాల్ని తనే చంపేసుకుంటుంది, వాడికి తిండి దొరక్కుండా. కుడివైపు గుండ్రం ఎండిపోయి గోధుమరంగు మచ్చ పడాలి. చెప్పలేదా నేను?" కోడలు నాలుక కరుచుకుంది. "చెప్పలేదు కదూ."

నారత్త స్టూలు మీద కూర్చుంది. "మామూలుగా, మనం ఏ నీళ్ళూ ఎక్కించకపోతే? ఆ మచ్చ ఎలా ఉంటుంది?"

"ఈ మూడేళ్ళే ముదిరింది గానీ, బూజు గింజలు ఒకటో రెండో ఎప్పట్నుంచో గాల్లో వచ్చి పడుతూనే ఉంటాయి కదా. పడ్డచోటల్లా చిన్న ఎండు చుక్క. సూదితల అంత ఉంటుందేమో. లేత మొలకల మీద కూడా వస్తుంది. చూడ్డానికి రోగంలా ఉంటుంది గానీ, అది మొక్క పోట్లాడి గెలిచిన గుర్తు."

సూదితల అంత. ఆ చుక్క నారత్తకి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలీదు. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికి, పోట్లాడగలిగిన ప్రతి మొలకనీ తన చేత్తో పీకి పారేసింది. దొంగ వస్తే నోరెత్తని వాటిని ఏరి, నెత్తిన పెట్టుకుని పెంచింది. బూజు కోరుకున్న పంటని బూజు కోసం తనే తయారు చేసిపెట్టింది.

సిగ్గుతో ఆవిడ ఒళ్ళు కాలిపోయింది. ఆ మాట కోడలి ముందు ఒప్పుకోలేక, "తలనొప్పిగా ఉంది" అని లేచింది.

తలనొప్పి వచ్చిన మనిషి పడుకోవాలి. ఈవిడ చెప్పులేసుకుని రెండు వీధుల అవతల ఉన్న మొగుడి పంపుల షెడ్డుకి నడిచింది. అక్కడి గ్రీజు మరకలంటే ఆవిడకి ఒళ్ళు జలదరింపు. ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. మెకానిక్కు పెళ్ళాన్ని చూసి చేతిలో రెంచీ జారవిడిచాడు.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"నాకే అయింది" అని అక్కడే, నూనె ఓడుతున్న పెట్టె మీద కూర్చుంది. చీరకి మరకైనా చూసుకోలేదు. మొత్తం చెప్పింది. ఒక్కటీ దాచలేదు. "నా చేత్తో నేనే చంపుకున్నానండీ. రోజూ బకెట్టు నిండా. మీ చేతికిచ్చి పారేయించాను కూడాను." చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆవిడ ఏడవగా మెకానిక్కు చూడటం మామగారు పోయినప్పటి తర్వాత ఇదే.

అతను ఓదార్చాలి కదా. ఓదార్చకుండా పాత గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడిచాడు.

"పారేయలేదు" అన్నాడు.

"ఏంటి?"

"అన్నీ కాదులే. కొన్ని పారేశాను. కాస్త వేరు బాగున్నవి... ప్రాణం ఉన్నవాటిని గోతిలో వేయబుద్ధి కాలేదే. వెనక ఖాళీ జాగాలో పాతుతూ వచ్చాను. నీకు చెబితే తిడతావని."

"ఎప్పట్నుంచి?"

"మొదటి బకెట్టు నుంచి."

నారత్త లేచింది. అతన్ని తప్పించుకుని, విరిగిన పంపులూ పైపుల ముక్కలూ దాటుకుని, వెనక తలుపు తోసింది. తుప్పు పట్టిన ట్యాంకు పక్కన, కర్రల ఊతం కూడా లేకుండా, పాత పైపుల మీద పడి పాకుతూ ఇరవై మూడు టమాటా మొక్కలు. వంకర టింకరగా, అడ్డదిడ్డంగా, ఆకుల నిండా చుక్కలతో. ఒక్క మొక్కకీ రూపురేఖల్లేవు. గుత్తులు గుత్తులుగా కాయలు మాత్రం వేలాడుతున్నాయి.

ఆవిడ ఒక ఆకు తిప్పి చూసింది. ఇంకోటి తిప్పింది. అడుగున ఎక్కడా మఖమలు లేదు.

"ఇరవై ఆరేళ్ళు!" అంది మొగుడి వైపు తిరిగి. "ఇరవై ఆరేళ్ళు నా కళ్ళు కప్పి!"

"తిట్టు" అన్నాడతను, తల వంచుకుని.

తిట్టలేదు. ఫోన్ తీసి కోడలికి చేసింది. మొగుడికి చెప్పినంత తేలిగ్గా కోడలికి చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. మూడుసార్లు గొంతు సవరించుకుంది. చివరికి, "అమ్మాయ్, మచ్చ మొక్కల్ని పీకి పారేసింది నేనే. రోజూ. ఇన్నేళ్ళూ. మీ మామయ్య కొన్ని దాచాడు. ఆ సీసాలు పట్టుకుని రా" అంది. అవతల్నుంచి "వస్తున్నా అత్తయ్యా, ఏమీ పీకకండి!" అన్న కేక వినిపించింది.

కోడలు వచ్చింది గానీ ఎగిరి గంతేయలేదు. "ఆరుబయట గాలి ఆడుతుంది, బూజు ఎలాగూ తక్కువే పడుతుంది. ఆకు శుభ్రంగా ఉన్నంత మాత్రాన నమ్మలేం. ఈ చుక్కల్లో ఎండకి మాడినవి కూడా ఉండొచ్చు" అంటూనే సిరంజి తీసింది. సీసాల్లో మిగిలిన నీళ్ళు ఇరవై మూడింటికి బొటాబొటీగా సరిపోయాయి. చివరి మొక్క దగ్గర సీసా తలకిందులు చేసి తట్టాల్సొచ్చింది.

ఆ రెండ్రోజులూ నారత్త ఎలా గడిపిందో ఎవరూ అడక్కపోవడం మంచిది. శనివారం మెకానిక్కు ఒక పండు కోసి, గుడ్డతో తుడిచి ఆవిడ ముందు పెట్టాడు. ముట్టుకోలేదు. మొక్కలు గెలిచినా ఓడినా, అసలు ఆ పండు ఎవరిది? ఏళ్ళ తరబడి అక్కడ ఏది దేనితో కలిసిందో. కొరికితే ఆ తీపి లేకపోతే, మిగిలింది ఇంకెవరి టమాటానో అవుతుంది. ఆ సంగతి తెలుసుకునే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

ఆదివారం ముగ్గురూ కలిసే వెళ్ళారు. మొదటి మొక్క పచ్చగా ఉంది. రెండోదీ పచ్చగానే ఉంది. మూడోది, నాలుగోది, అంతే. నారత్త మొగుడి మోచెయ్యి పట్టుకుంది. ఐదో మొక్క ఆకు తిప్పి కోడలు ఆగిపోయింది. ఎడమవైపు గుండ్రం ఆకుపచ్చగా ఉంది. కుడివైపు గుండ్రం గీత గీసినంత మేరా ఎండిపోయి, కాగితంలా గోధుమరంగు తిరిగింది.

"చూడండి అత్తయ్యా, ఎంత బాగా చచ్చిందో!" అంది కోడలు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇరవై మూడింటిలో ఏడు గుర్తుపట్టాయి. మిగతావి ఎండకో, నీళ్ళ తుంపరకో మచ్చపడ్డవి. ఏడుసార్లూ నారత్త ఆ మచ్చ మీద వేలు పెట్టి తడిమింది.

"ఒకటి అర్థం కావట్లేదు" అందావిడ. "పోట్లాడేవాటిని మొదట్లోనే పీకేస్తే, మళ్ళీ ఏటా నా ట్రేల్లోకి అవి ఎలా వచ్చాయి?"

కోడలు అటూ ఇటూ చూసింది. ఒక తేనెటీగ వంకర మొక్క పువ్వు మీంచి లేచి, గోడ దాటి ఎగిరింది. "మన షెడ్డు పై కిటికీ పగలంతా తెరిచే ఉంటుందిగా. రెండు వీధులు వాటికో లెక్కా? మామయ్య మొక్కల పుప్పొడి కొంచెం కొంచెం మీ పువ్వుల్లోకి చేరుతూనే ఉంది. మీరు పీకుతూ వచ్చారు, ఆయన పాతుతూ వచ్చారు, ఇవి తిరిగి మీ ఇంటికే వస్తూ ఉన్నాయి."

మెకానిక్కు ఏదో గొప్ప పని చేసినవాడిలా గొంతు సవరించుకున్నాడు. పెళ్ళాం చూసిన చూపుకి మళ్ళీ సర్దుకున్నాడు.

"అయితే గెలిచినట్టేనా?" అంది నారత్త.

"మొదలైనట్టు. వీటిని మీ మంచి మొక్కలతో కలిపి, మళ్ళీ ఏరుకుంటూ వెళ్ళాలి. నాలుగైదు పంటలు పడుతుంది. బూజు కూడా ఊరుకోదు, ఇవి గుర్తుపట్టే ప్రోటీన్‌ని మార్చుకోనైనా మార్చుకుంటుంది, వదిలేయనైనా వదిలేస్తుంది. ఈ ఏడు మొక్కలూ ఒకే ప్రోటీన్‌ని గుర్తుపడుతున్నాయో, వేర్వేరు వాటినో ప్రయోగశాలలో చూడాలి. వేర్వేరైతే మన అదృష్టం, అన్నీ ఒకే మొక్కలోకి తేవచ్చు. ఒక్క దాన్ని తప్పించుకున్నా ఇంకోటి పట్టేస్తుంది."

"నాలుగైదు పంటలే కదా" అంది నారత్త. మొన్న మంగళవారం అయితే ఆ మాటకి ఇల్లు పీకి పందిరేసేది.

సోమవారం రైతులు వచ్చేసరికి గాజు షెడ్డు సగం ఖాళీ అయిపోయింది. బూజు పట్టినవన్నీ పీకి సంచుల్లో కట్టేశారు, గాజు పలకలు కడుగుతున్నారు. గింజల డబ్బాలు మాత్రం అరలోనే ఉన్నాయి. నారత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తడి చేతులతో వాళ్ళ ముందు నిలబడింది. కంపెనీ నారు ట్రేలు చూపించి, "ఈ ఏడాదికి ఇవి వేసుకోండి" అంది. తర్వాత జరిగిందంతా చెప్పింది. తప్పు ఎవరిదో కూడా చెప్పింది. "మీ రెండేళ్ళ పంట పోవడంలో బూజు వాటా ఎంతో నా వాటా అంత. మా ఆయన పుణ్యాన ఏడు మొక్కలు మిగిలాయి. నాలుగైదేళ్ళకి నా నారు మళ్ళీ ఇస్తా. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే లేదు."

రైతుల్లో పెద్దాయన కంపెనీ ట్రేలోంచి ఒక మొలక ఎత్తి చూసి మళ్ళీ పెట్టేశాడు. "రెండేళ్ళు నష్టపోయినా కంపెనీ నారుకి ఎందుకు వెళ్ళలేదనుకున్నావు అత్తా?" అన్నాడు. "మా ఇంట్లో పిల్లలు ఇంకోటి తినరు. తయారుచెయ్యి. మా చేలో ఒక మూల నీ మొక్కలకి వదులుతా, పోట్లాడుకోనీ."

వాళ్ళు వెళ్ళాక, ఎండ ఇంకా ఉండగానే, నారత్త పంపుల షెడ్డు వెనక్కి వెళ్ళింది. మెకానిక్కు ఏడు మొక్కలకీ కర్రలు పాతి కడుతున్నాడు. ఆవిడ ఐదో మొక్క దగ్గర నిలబడి, బాగా పండిన కాయ ఒకటి తెంపింది. పండు కూడా కాస్త వంకరే. అతని పనిముట్ల పెట్టెలోంచి చాకు తీసుకుని, చెంగుతో తుడిచి, రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ముందు పులుపు తగిలింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా, నాలుక చివర్న, ఆ తీపి వచ్చి నిలబడింది. కొడుకు పుట్టిన ఏడాది నుంచి ఆవిడ ఏరి ఏరి దాచుకున్న తీపి. ఎక్కడికీ పోలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు మెకానిక్కు, తాడు చేత్తో పట్టుకునే.

"నాదే" అంది. "నాదేనండీ ఇది."

అతను నవ్వి చెయ్యి చాచాడు. రెండో ముక్క ఇవ్వబోయి, ఆగి, అది కూడా తన నోట్లోనే వేసుకుంది.

"మీరు ఇరవై ఆరేళ్ళుగా తింటున్నారుగా" అంది.